కొంగు దారాలు, కాకటీల్ ఈకలు

చిట్టితల్లికీ, చిన్నబాబుకీ తాత ఆశీస్సులు.

మిర్యాలగూడ నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. మీరు పెంచుకుంటున్న చిలుక జాతి పక్షి కాకటీల్ పంజరం అడుగున పోగైన ఈకలను కవరులో పెట్టి మరీ పంపారు. "కాకటీల్ ఛాతీ మీది ఈకలన్నీ పీక్కుంటోంది, దిష్టి తగిలిందా తాతా?" అని అడిగారు. మీ నానమ్మ అయితే ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేయమంటోంది. ఆ పని మాత్రం చేయకండి. ఆ ఘాటు పొగను పక్షి ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

ఈకలను కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. కొన్ని కాడతో సహా ఊడాయి, కొన్నింటిని మధ్యలో కొరికిన గుర్తులున్నాయి. పక్షులు పాత ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకునే కాలం ఒకటుంది కానీ, అప్పుడు ఇలా బోడిమచ్చలు పడవు. ఇది ముక్కు చేసిన పనే.

మా అమ్మ సంగతి చెబుతాను. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆమె చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. పల్లికాయలు ఒలిచేది, జొన్నలు చెరిగేది, చింతపండులో గింజలు తీసేది. ముసలితనంలో హైదరాబాదులో మా అన్న ఇంటికి వెళ్లింది. అక్కడ కూర్చున్న చోటికే కంచం వచ్చేది. కొన్నాళ్లకు ఆమె వేళ్లు చీర కొంగు మీద పడ్డాయి. ఒక్కో దారమే లాగుతూ లాగుతూ కొంగంతా కుచ్చులు తేల్చింది. తిండికి లోటు లేదు, ప్రేమకూ లోటు లేదు. వేళ్లకే పని లేదు.

మీ కాకటీల్‌కు ముక్కే చెయ్యి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ఇవి గుంపులుగా తిరుగుతూ, నేల మీద గడ్డిగింజలు ఏరుకుంటూ పొద్దు గడుపుతాయి. మీ ఇంట్లో గిన్నె నిండా గింజలు సిద్ధంగా ఉంటాయి. కాసేపట్లో తినేస్తుంది. మిగిలిన రోజంతా ముక్కుకు అందేది దాని ఛాతీ ఒక్కటే.

చిలుక పని ఎలా ఉంటుందో నేను మంచె మీద నిలబడి నేర్చుకున్నాను. పాలమూరు వైపు మా జొన్నచేను పాలకంకి మీదున్నప్పుడు రామచిలుకలు గుంపులుగా దిగేవి. వడిసెల తిప్పి వాటిని తోలడం నా వంతు. అవేమో కంకిని కొరికి, ఒంటికాలితో పట్టుకుని, గింజ గింజకూ పొట్టు ఒలిచి, సగం తిని పారేసి మరో కంకి ఎక్కేవి. చూస్తూ చూస్తూ నేను వడిసెల సంగతే మరిచిపోయేవాణ్ణి. కింద నుంచి మా నాయన చిలుకల్ని కొన్ని తిట్లు, నన్ను ఇంకొన్ని తిట్లు తిట్టేవాడు. ఊరికే కూర్చునే మనుషులను ఆ తరువాత చాలామందిని చూశాను గానీ, చేలో ఊరికే కూర్చున్న చిలుకను చూడలేదు.

అయితే కొంగు లాగుతున్నదంటే అందులో పల్లేరుకాయ ఇరుక్కుందేమో ముందు చూడాలి కదా! గుచ్చుకుంటే ఎవరైనా లాగుతారు. పక్షికీ అంతే. చర్మం మీద పురుగులు, కడుపులో క్రిములు, లోపలి జబ్బులు, జింకు పూత తీగను కొరకడం, పొద్దుతిరుగుడు గింజలే తిని ఎ విటమిన్ అందకపోవడం, ఇవన్నీ పల్లేరుకాయలే. అందుకే మొదట డాక్టరు దగ్గరకు. బర్రెలు, గొర్రెలు చూసే డాక్టరుకు పక్షులు అలవాటు ఉండకపోవచ్చు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ వాకబు చేయమని నాన్నకు చెప్పండి. మధ్యలో ఎవరో చెప్పారని కొబ్బరినూనె, పసుపు పూయకండి. నూనె అంటితే ఈక పనికిరాదు.

ఇక ముక్కుకు పని పెట్టండి. గింజలన్నీ గిన్నెలో పోయకుండా కొన్నింటిని కాగితంలో పొట్లం కట్టి, చింపుకుని తిననివ్వండి. ఒలిచిన జొన్నలకు బదులు కంకినే వేలాడదీయండి. కొత్తిమీర కట్టను తడిపి కమ్మీకి కట్టండి. క్యారెట్ తురుము, మునగాకు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మన ఎండలకు చర్మం పొడిబారుతుంది కాబట్టి పొద్దున పూట మంచినీళ్లు తుంపరగా చల్లండి. టీవీ ఉన్న గదిలోంచి పంజరాన్ని మార్చండి. దానికి రాత్రి 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి.

పీక్కుంటున్నప్పుడు మాత్రం అరవకండి. మా అమ్మ కొంగు మీద చెయ్యి వేస్తే ఇంట్లో నలుగురూ పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చునేవారు. ఆమెకు కావలసిందీ అదే! పక్షి నిమ్మళంగా ఆడుకుంటున్నప్పుడు వెళ్లి పలకరించండి.

చివరికి మా అక్క అచ్చంపేట నుంచి పల్లికాయల బస్తా తెచ్చి అమ్మ ముందు గుమ్మరించింది. కొంగు ఊపిరి పీల్చుకుంది. కానీ లాగిన దారం తిరిగి రాదు, ఈక వస్తుంది. కనుక నా పోలిక ఇక్కడితో సరి. అదే చోట పదేపదే పీకితే మాత్రం ఈక కుదురే చచ్చి, ఇక మొలవదు. మొలిచే కొత్త ఈకలో రక్తం ఉంటుంది, ముట్టుకోకండి.

తోడుగా రామచిలుకను కొనమంటారా అని కూడా అడిగారు. వద్దు. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. అది జొన్నచేలోనే ఉండాలి.

మీ దగ్గర రాలిన ఈక ఇంకేదైనా ఉంటే వేళ్లతో చీల్చి, మళ్లీ మొదలు నుంచి కొసకు దువ్వండి. అతుక్కుంటుంది! కంటికి ఆనని కొక్కేలు వేలకొద్దీ ఉంటాయి అందులో. రోజూ పక్షి ముక్కుతో దువ్వుకుంటూ వాటినే సరిచేసుకుంటుంది. ఎంత ఓపిక చూడండి. ఆ తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు పంజరం దగ్గరకు వెళ్లి దాని తల మీది కుచ్చు చూడండి. అక్కడికి దాని ముక్కు అందదు. కుచ్చు నిండుగా ఉంటే పీకుతున్నది అదే. అక్కడా ఈకలు రాలుతుంటే ఇది వేరే జబ్బు, రేపే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఏం కనిపించిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత