ఓక్ వగరూ తంగేడు వగరూ

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో మూలికలు అమ్మే పాత దుకాణాలలో కరక్కాయ, తానికాయ, శొంఠి, వసకొమ్ముల పక్కనే గోలీకాయంత పరిమాణంలో, బూడిద రంగులో, ఒంటిమీద చిన్న చిన్న బుడిపెలతో మాచికాయ కనిపిస్తుంది. చిగుళ్ల వాపుకూ నోటిపూతకూ బాలింతల మందుల్లోకీ దాన్ని తరతరాలుగా కొంటున్నారు. నిజానికి అది ఏ పువ్వు నుంచీ పుట్టిన కాయ కాదు. టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక పొట్టి ఓక్ చెట్టు మొగ్గలో ఒక చిన్న కందిరీగ గుడ్డు పెట్టినప్పుడు, ఆ చోట చెట్టు కణజాలం ఉబ్బి గట్టిపడగా ఏర్పడే గడ్డ అది. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ గడ్డ నడిమధ్య కూర్చుని దాన్నే తింటూ పెరుగుతుంది, రెక్కలు వచ్చాక గోడకు రంధ్రం చేసుకుని ఎగిరిపోతుంది. పురుగు బయటికి రాకముందే కోసిన గడ్డలు ముదురు రంగులో బరువుగా ఉంటాయి, వాటిలోనే సారం ఎక్కువ. రంధ్రం పడి, తెల్లబారి, తేలికైన వాటికి గుణం తక్కువ. కాబట్టి కొనేవారు ఒక్కో కాయనూ తిప్పి చూసుకోవడం మంచిది.

ఓక్ చెట్లలో 400కు పైగా జాతులున్నాయి. ఇవన్నీ దాదాపు ఉత్తరార్ధగోళానికే పరిమితం. మన దేశంలో హిమాలయాల్లోనూ ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనూ ఇవి విరివిగా ఉన్నాయి. ఉత్తరాఖండ్ పల్లెల్లో బాంజ్ అనే ఓక్ ఆకు పశువులకు మేత, దాని కొమ్మలు పొయ్యిలోకి వంటచెరకు, రాలిన ఆకు పొలానికి ఎరువు. దక్షిణ భారతదేశంలో మాత్రం సహజంగా పెరిగిన ఓక్ ఒక్కటీ లేదు. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం నాటే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వేరే కుటుంబపు చెట్టు, పేరులో తప్ప దానికి అసలు ఓక్‌తో చుట్టరికం లేదు. చెట్టు ఇక్కడ లేకపోయినా దాని సారం మన మందుల్లోకి చేరిందంటే, అందుకు కారణం వగరు.

మాచికాయ బరువులో సగానికి పైగా, కొన్నిటిలో 70 శాతం వరకూ, టానిన్లు అనే పదార్థాలే ఉంటాయి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తగిలినప్పుడు నాలుక మీద ఒక బిగువు, గరుకుతనం తెలుస్తాయి గదా, ఆ అనుభవానికి మూలం ఈ టానిన్లే. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లకు ఇవి అతుక్కుని వాటిని ముద్దగా కట్టిస్తాయి, దానితో నోటిలోని జారుడు పోయి నాలుక పిడచకట్టినట్లవుతుంది. ప్రోటీన్లను పట్టి బిగించే ఈ ఒక్క గుణం నుంచే ఓక్ చెట్టుకు మందుగానూ పనిముట్టుగానూ ఉన్న పేరంతా వచ్చిందని చెప్పవచ్చు. వాచిన చిగురు మీద గాని, పుండు పడిన బుగ్గ లోపలి పొర మీద గాని టానిన్ నీళ్లు తగిలితే, పైపొరలోని ప్రోటీన్లు గట్టిపడి పలుచటి రక్షణ పొర ఏర్పడుతుంది, స్రావం తగ్గుతుంది, మంట కొంత శాంతిస్తుంది. యూనానీ హకీములు మాజూ పేరుతోనూ, ఆయుర్వేద వైద్యులు మాయాఫలం పేరుతోనూ వాడింది దీన్నే. యూరప్ పల్లెల్లో ఓక్ బెరడు కషాయాన్ని విరేచనాలకూ నోటి పుండ్లకూ మొలలకూ వాడేవారు. యూరోపియన్ ఔషధ సంస్థ కూడా స్వల్ప విరేచనాలకు, నోటిలో, చర్మం మీద వచ్చే చిన్నపాటి వాపులకు, మొలల దురదకు, మంటకు ఆ బెరడును సంప్రదాయ వినియోగంగా గుర్తించింది. మన వైద్యంలో పుండ్లు కడగడానికి చెప్పిన పంచవల్కలాలలో మర్రి, రావి, మేడి బెరళ్లు ఉన్నాయి. పాలమూరు వారికి పిల్లలమర్రి నీడ తెలిసినంతగా మర్రి బెరడు గుణం తెలియకపోవచ్చు గాని, పని చేసేది అక్కడా వగరే.

తోలు విషయంలో ఈ పోలిక మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చి తోలులో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తడిస్తే కుళ్లుతుంది, ఎండితే పెళుసుబారుతుంది. టానిన్లు ఆ ప్రోటీన్ పోగుల మధ్యకు చేరి వాటిని ఒకదానికొకటి ముడివేస్తే, ఆ తోలు నీళ్లలో నానినా కుళ్లదు, వంచినా విరగదు. ఇంగ్లండులో ఈ పనికి ఓక్ బెరడు పొడిని గుంతల్లో తోళ్ల మధ్య పొరలుగా వేసి నెలల తరబడి నానబెట్టేవారు. మన దగ్గర అదే పనిని తంగేడు చెక్క చేసింది. తంగేడు బెరడులో 15 నుంచి 20 శాతం దాకా టానిన్ ఉంటుంది. మేకలూ పశువులూ పెద్దగా ముట్టవు కనుక పాలమూరు, దేవరకొండ ప్రాంతాల గుట్టల మీద, చెరువు కట్టల మీద, బీళ్లలో అది ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. మాదిగవాడల్లో లందల్లో, అంటే తోళ్లు ఊనే తొట్లలో, సున్నపు నీళ్లతో తోలుకున్న వెంట్రుకలు ఊడగొట్టి, తంగేడు చెక్క నీళ్లలో ఊనబెట్టి తయారుచేసిన తోలుతోనే చెప్పులూ, మోట బొక్కెన తొండాలూ కుట్టారు. రోజంతా బావినీళ్లలో మునిగి తేలే తొండం ఏళ్ల తరబడి నిలిచిందంటే, ఆ ఊనిన చేతుల నైపుణ్యం ఎంతటిదో ఆలోచించాలి. కరెంటు మోటార్లు రాకముందు ఈ మెట్ట ప్రాంతంలో బావి కింద పండిన ప్రతి గింజలోనూ వారి శ్రమకు వాటా ఉంది. ఏ పెళ్లికీ ఏ పండుగకూ పిలవకుండా ఊరి చివర నిలబెట్టిన మనుషులే ఊరిలో అందరికంటే ఎక్కువ రసాయన శాస్త్రాన్ని చేతులతో నడిపారు. పాలమూరు కురుమూర్తి స్వామి జాతరలో ఊరేగించే ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను, వడ్డెమాన్‌లోని దళిత కుటుంబాలు నిష్ఠతో తోలుతో కుట్టడం ఈనాటికీ సాగుతున్న ఆచారం. ఆనాటి మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లండుకు ఓడల్లో వెళ్లిన మేక, గొర్రె తోళ్లను కూడా ఎక్కువగా తంగేడు చెక్కతోనే పదును చేసేవారు. తరువాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు, ఆపైన క్రోమియం లవణాలు వచ్చి తంగేడును ఆ పని నుంచి తప్పించాయి. బతుకమ్మలో పేర్చే పువ్వుగా, 2014లో రాష్ట్ర పుష్పంగా అది మనకు గుర్తుంది గాని, దాని చెక్కకున్న ఈ చరిత్ర దాదాపు మరుగున పడింది.

వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పచ్చి అరటికాయను ఇనుప కత్తిపీటతో తరిగితే వేళ్లు నల్లబడడం ఇందువల్లనే. మాచికాయ రసానికి అన్నభేది అనే ఇనుప లవణాన్ని కలిపితే మొదట లేత రంగులో ఉన్న ద్రవం, గాలి తగిలాక నీళ్లలో కరగని చిక్కటి నలుపుగా మారి కాగితం పోగుల్లో నాటుకుపోతుంది. మధ్యయుగాల నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా యూరప్‌లో దస్తావేజులూ గ్రంథాలూ ఎక్కువగా ఈ ఓక్ సిరాతోనే రాశారు. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, జంగాల్‌లో, అంటే రాగి మీద పట్టే పచ్చటి చిలుములో, అన్నభేది కల్తీ కలిసిందో లేదో తెలుసుకోవడానికి మాచికాయ రసంలో తడిపిన పపైరస్ పట్టీ మీద దాన్ని రాసి, నల్లబడితే కల్తీ ఉన్నట్లు గుర్తించాలని రాశాడు. మనుషులు వాడిన తొలి రసాయన పరీక్షల్లో అదొకటి. 1786లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఈ టానిన్లలో భాగమైన గాలిక్ ఆమ్లాన్ని వేరుచేసింది కూడా మాచికాయల నుంచే. మన తెలుగు నేల మీద సిరాకు మాచికాయ బదులు కరక్కాయ, దానికి అన్నభేది, చిక్కదనానికి తుమ్మ బంక సరిపోయాయి. ఈ మూడింటిలో కరక్కాయ నల్లమల ఇచ్చేది, తుమ్మ బంక చేను గట్టు ఇచ్చేది. నూలుకు రంగు వేయడంలోనూ ఇదే సూత్రం. నూలుకు పటిక తనంతట తాను గట్టిగా అంటుకోదు, ముందుగా టానిన్ నీళ్లలో తడిపితే పటిక నిలుస్తుంది, పటికను పట్టుకుని రంగు నిలుస్తుంది. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో పులియబెట్టి అద్దకపువాళ్లు నలుపు తీసేదీ ఈ వగరు ఆధారంగానే. పూర్వపు నల్లగొండ జిల్లా పుట్టపాకలో ఎరుపు, నలుపు, తెలుపులతో నేసే తేలియా రుమాలు 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఆముదపు కాయల బూడిదతో, నూనెతో నూలును రోజుల తరబడి మర్దించే ఆ పద్ధతిని చూసినవారికి, రంగు నిలపడం ఎంత ఓపికతో కూడిన పనో వేరే చెప్పనక్కరలేదు.

కరక చెట్టుకూ ఓక్‌కూ ఇంకొక పోలిక ఉంది. కరక ఆకుల మీద కూడా పురుగుల వల్ల బుడిపెలు కడతాయి, వాటినీ అద్దకంలో పసుపు రంగుకు వాడతారు. పురుగు కాటుకు చెట్టు టానిన్‌తో జవాబు చెప్పడం రెండు చోట్లా మనిషికి పనికొచ్చింది.

కలప విషయానికి వస్తే, ఓక్ చెక్కతో ఓడలూ, సారా పీపాలూ చేశారు. తెల్ల ఓక్ చెక్కలోని నీటి నాళాలు సహజంగా మూసుకుపోయి ఉండడం వల్ల పీపా కారదు. మన వైపు బండి చక్రాలకూ నాగళ్లకూ నల్లతుమ్మ ఆ గట్టిదనాన్ని ఇచ్చింది.

ఇంత గుణమున్న పదార్థానికి హద్దులూ ఉన్నాయి. 1925లో అమెరికాలో డేవిడ్‌సన్ అనే వైద్యుడు కాలిన గాయాల మీద టానిక్ ఆమ్లం, అంటే మాచికాయలోని టానిన్ వంటిదే, పూసే చికిత్సను ప్రవేశపెట్టాడు. అది వేగంగా ప్రపంచమంతా వ్యాపించింది. 1940లలో అది రక్తంలోకి చేరి కాలేయాన్ని దెబ్బతీస్తోందని తేలాక మానేశారు. కాబట్టి పెద్ద గాయాల మీద, పచ్చి కాలిన చోట మాచికాయ పొడి చల్లడం తప్పు. పుక్కిలించి ఉమ్మివేయడం వేరు, రోజూ మింగడం వేరు. టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టేస్తాయి కనుక, రక్తహీనత ఉన్న బాలింతలకు భోజనంతో పాటు మాచికాయ కషాయాలు, కరక్కాయ పొడి ఇవ్వడం మేలుకన్నా కీడు చేయవచ్చు. భోజనం చేయగానే తాగే చాయ్‌కి కూడా ఈ మాట వర్తిస్తుంది. పసిపిల్లలకు సానమీద అరగదీసి నాకించే అలవాటును నేను సమర్థించలేను. ఎంత మోతాదు కడుపులోకి పోతుందో ఎవరూ కొలవని పని అది. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ముందు కావలసింది ఓఆర్‌ఎస్, వైద్యుడు.

బెరడు సేకరణలో చెట్టును కాపాడే పద్ధతి ఒకటి తెలిసి ఉండాలి. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. మాను చుట్టూ వలయంగా బెరడు తీస్తే వేళ్లు ఆకలితో చచ్చి, చెట్టు నిలువునా ఎండుతుంది. మద్ది, మర్రి, తుమ్మ వంటి పెద్ద చెట్లకు ఒక పక్కన నిలువుగా, సన్నని పట్టీగా మాత్రమే చెక్క తీసి, తిరిగి అదే చెట్టు దగ్గరికి వెళ్లే ముందు గాయం మానిందో లేదో చూసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇది చట్టపరంగానూ పాటించవలసిన విషయం, అనుమతి లేకుండా బెరడు ఒలవరాదు. తంగేడుకు ఆ చిక్కు తక్కువ. నేలకు జానెడు ఎత్తున కొమ్మను నరికి ఆ కొమ్మ బెరడునే ఒలుచుకుంటే, మోడు నుంచి వానాకాలంలో మళ్లీ చిగుళ్లు వేస్తుంది.