హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి విండోస్ మార్చడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీ డ్రైవ్‌లో ఉన్నదంతా కాపీ చేసి కొత్త ఎస్ఎస్‌డీలో (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్‌లో) పేస్ట్ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సీ పక్కన డ్రైవ్ లెటర్ లేని చిన్న పార్టిషన్లు (డిస్క్‌లోని విభాగాలు) కనబడతాయి. వాటిలో ఈఎఫ్ఐ పార్టిషన్ సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. విండోస్ ఎక్కడుందో చెప్పే బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. పైగా విండోస్ నడుస్తుండగా రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్‌లుండే) ఫైళ్లు లాక్ అయి ఉంటాయి కాబట్టి మామూలు కాపీకి లొంగవు. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ (డిస్క్‌కి ఉన్నదున్నట్టు నకలు తీసేది) వాడండి. అందులోనూ సీ ఒక్కదానికే టిక్ పెట్టకుండా డిస్క్ మొత్తాన్నీ ఎంచుకోండి.

అపోహ: 1 టీబీ డిస్క్‌కి 1 టీబీ ఎస్ఎస్‌డీయే కొనాలి.

వాస్తవం: డిస్క్ సైజు కాదు, అందులో వాడిన చోటు చూడాలి. 180 జీబీ వాడి ఉంటే 500 జీబీది హాయిగా సరిపోతుంది. విండోస్‌లో అది 465 జీబీగా కనబడుతుంది, కంగారు పడకండి. పెద్ద డిస్క్‌కి మారినప్పుడు వచ్చే చిక్కు వేరు. రికవరీ పార్టిషన్ (విండోస్‌ని బాగుచేసే ఫైళ్లుండేది) సీకి ఆనుకుని కూర్చుంటుంది, మిగిలిన ఖాళీ దాని అవతల పడుతుంది. దాంతో సీని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఆప్షన్ పనిచేయదు. క్లోన్ చేసేటప్పుడే సీ సైజు పెంచి పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అపోహ: డిస్క్ మొరాయిస్తోంది, వెంటనే క్లోన్ కొట్టేయాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5 వరుసలు చూడండి. 05 అంటే డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా ఉండే చిన్న ముక్కలు), సీ5 అంటే చదవలేక తేల్చకుండా ఉంచినవి. సీ5 రా వాల్యూ (అసలు లెక్క) సున్నా కాకపోతే మామూలు క్లోనింగ్ మధ్యలో ఆగిపోవచ్చు, లేదా ఒకే చోట గంటల తరబడి గీకుతూ డిస్క్‌ని చదివే హెడ్‌ని అలసగొట్టవచ్చు. విండోస్‌లోని చెక్‌డిస్క్ రిపేర్ కూడా అప్పుడు పెట్టకండి. మొదట ఫొటోలు, పత్రాలు, టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) డేటా వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. ఆ తర్వాత లైనక్స్‌లో డీడీరెస్క్యూ (చెడిన డిస్క్ నుంచి డేటా కాపీ చేసే ప్రోగ్రామ్) వాడండి. అది ముందు బాగున్న భాగాలు చదివేసి, చెడిన సెక్టార్లను చివర్లో ప్రయత్నించడానికి ఉంచుతుంది. టిక్ టిక్ శబ్దం వస్తుంటే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి.

అపోహ: క్లోన్ అయ్యాక రెండు డిస్కులూ ఉంచే ఆన్ చేయొచ్చు.

వాస్తవం: రెండింటికీ గుర్తింపు సంఖ్య ఒకటే అయితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. ఏది బూట్ అయిందో తెలియక పాతదాని మీదే పనిచేస్తున్నవాళ్లూ ఉంటారు. షట్‌డౌన్ చేసి, పాత డిస్క్‌ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ పీకి, మొదటిసారి కొత్తదాంతోనే లేపండి. ఎన్‌వీఎంఈకి (మరింత వేగమైన ఎస్ఎస్‌డీ రకానికి) మారాక నీలిరంగు తెరపై ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ వస్తే చాలాసార్లు స్టోరేజ్ డ్రైవర్ సమస్యే. ఒకసారి సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడిచే పద్ధతిలో) లేపితే తరచూ సర్దుకుంటుంది.

అపోహ: డిస్క్ మారిస్తే విండోస్ లైసెన్స్ పోతుంది.

వాస్తవం: విండోస్ 10, 11 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డును చూస్తుంది. టాలీ లైసెన్స్ మాత్రం ముందే సరెండర్ చేసి, తర్వాత మళ్లీ యాక్టివేట్ చేసుకోవడం మంచిది. బిట్‌లాకర్ (డిస్క్‌ని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యాకే క్లోన్ మొదలుపెట్టండి.

పాత డిస్క్‌ని కనీసం రెండు వారాలు ఫార్మాట్ చేయకుండా పక్కన ఉంచండి.