క్షుద్ర నవల అట్ట మీద క్రావడి ఏమైపోయింది?

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్, హారర్, ఫాంటసీ నవలల్ని పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మలు ఫర్వాలేదు. పేరు చదవబోతేనే కన్ను తడబడుతుంది. చీకటి బంగళా మీద ఎర్ర అక్షరాలు, వాటి చుట్టూ తెల్ల అంచు, ఆ అంచుకు మళ్లీ నీడ. ఒత్తు ఏదో, కొమ్ము ఏదో పోల్చుకునేసరికి పాఠకుడు పక్క పుస్తకం తీసుకుంటాడు. మన అట్టలు చెడింది బొమ్మ దగ్గర కన్నా అక్షరం దగ్గరే ఎక్కువ.

సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే లెటర్‌ప్రెస్ కాలంలో అట్టకు జింకు బ్లాకులు (బొమ్మ చెక్కిన లోహపు అచ్చులు) చేయించేవారు. రంగుకో బ్లాకు, బ్లాకుకో ఖర్చు. అందుకని చాలా అట్టలు నలుపుతో పాటు ఒకటి రెండు రంగులతోనే సరిపెట్టుకునేవి. ఒక రంగు మీద ఇంకో రంగు అచ్చంగా కూర్చోకపోతే మధ్యలో తెల్ల సందు పడుతుంది. దాన్ని కప్పడానికి ఆర్టిస్టు నల్లగీతను లావుగా లాగేవాడు. పేరును కూడా బొమ్మ వేసిన కాగితం మీదే, ఆ కుంచెతోనే రాసేవాడు. బొమ్మలో తలుపు ఎక్కడ ముగుస్తుందో చూసుకుని అక్షరం అక్కడ మొదలయ్యేది. ఒత్తుకు చోటు చాలకపోతే బొమ్మే కాస్త జరిగేది. బాపు అక్షరాలకు వచ్చిన పేరు ఇలాంటి పని వల్లే. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా కూడా వచ్చింది. అయితే బొమ్మను చూసి వంపు మార్చుకునే చెయ్యి ఫాంటులో ఉండదు.

1980ల్లో వారపత్రికల సీరియళ్లు, వాటితోపాటు క్షుద్ర నవలలు ఊపందుకున్నాయి. విజయవాడ నుంచే స్వాతి వారపత్రిక 1984లో మొదలైంది. అద్దె పుస్తకాల షాపుల్లో ఒక్కో నవల వందల చేతులు మారేది. అట్ట నలిగినా దూరం నుంచి పేరు తెలియాలి, అరల్లో వెన్ను మీది అక్షరాలూ కనపడాలి. లోహపు ప్లేట్లతో అచ్చువేసే నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అట్టలు ఆ అవసరాన్ని చాలావరకు తీర్చాయి, ఎందుకంటే పేరు అప్పటికింకా చేత్తోనే పడుతోంది.

ఆ చేతిరాత తెగింది కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీతో. లోపలి పేజీలు కంపోజ్ చేసిన ఆపరేటరే, అదే కంప్యూటర్లో, అట్ట కూడా చేయడం మొదలైంది. 12 పాయింట్ల మేటర్ కోసం గీసిన ఫాంటును 80 పాయింట్లకు సాగదీస్తే సన్నగీతలు తేలిపోతాయి, గుండ్రాలు బోలుగా కనపడతాయి. దాన్ని దాచడానికి స్ట్రోక్ (అక్షరం అంచు వెంట అదనపు గీత) పెడతారు. స్ట్రోక్ అక్షరం బయటికే కాదు, లోపలి ఖాళీలోకీ పెరుగుతుంది. ‘థ’లో చుక్క పూడిపోయి ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది.

తెలుగు అక్షరానికి మూడంతస్తులు: పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. 60 పాయింట్ల పేరును రెండు వరుసలుగా వేసి లీడింగును (వరుసకూ వరుసకూ మధ్య దూరాన్ని) ఆటోలో వదిలేస్తే 72 పాయింట్లే వస్తుంది. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. 85 నుంచి 90 ఇస్తేగానీ ఊపిరాడదు. ‘క్షుద్ర’ అన్న మాటనే తీసుకోండి: ష ఒత్తు, కొమ్ము, క్రావడి (ర ఒత్తు), మూడూ ఉన్నాయి. ఫోన్లలో, నెట్లో వాడే యూనికోడ్ మేటర్‌ను పాత ఫొటోషాప్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి ‘క్‌షుద్‌ర’ అని పడుతుంది. తర్వాత వచ్చిన వెర్షన్లలో టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

హారర్ అట్టలకు ఇంకో చిక్కు నలుపు. ఒక్క నల్ల ఇంకుతో వేసిన రాత్రి బూడిదరంగులో తేలుతుంది. నాలుగు ఇంకులూ నూటికి నూరు వేస్తే ఆరక పక్క షీటుకు అంటుకుంటాయి. సియాన్ (నీలం) 60, మజెంటా (గులాబీ) 40, పసుపు 40, నలుపు 100 శాతం చాలు. ఆ నలుపులో తెల్ల అక్షరం వదిలితే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా రంగులు అంచుల్లోకి వచ్చి సన్నగీతలు మాయమవుతాయి. పేరుకు లావు ఫాంటు తీసుకోవాలి. ఉచితంగా దొరికే రామభద్ర ఇందుకు బాగా పనికొస్తుంది.

బొమ్మ సంగతి లెక్కే. డెమీ సైజు పుస్తకం ముందు అట్ట 5.5 × 8.5 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 1650 × 2550 పిక్సెళ్లు. నెట్లో దొరికిన 600 పిక్సెళ్ల బొమ్మ అచ్చులో మసకబారక తప్పదు. అంచుకు 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు బొమ్మ) మరవద్దు. వెన్ను మందం కూడా ఊహించి పెట్టకూడదు: 240 పేజీలంటే 120 కాగితాలు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) మ్యాప్‌లితో కాగితమైతే ఒక్కోటి సుమారు 0.09 మి.మీ., అంటే దాదాపు 11 మి.మీ. చివరి నిమిషంలో ప్రెస్సువాళ్లు 60 జీఎస్ఎంకు మారిస్తే వెన్ను సన్నబడి, దాని రంగు ముందు అట్ట మీదికి జారుతుంది. డిజిటల్ ప్రింటులో తక్కువ కాపీలు వేయించేవాళ్లు మడత దగ్గర ముందే క్రీజింగ్ (గాడి నొక్కడం) చేయించాలి, లేకుంటే టోనర్ (పొడి ఇంకు) పగిలి తెల్లగీత పడుతుంది.

ఫైలు ప్రెస్సుకు పంపే ముందు అట్టను అసలు సైజులో నలుపు తెలుపులో ప్రింటు తీసి గోడకు అంటించి ఆరడుగుల దూరం నుంచి చదవాలి. తర్వాత ఫోను తెరపై 2 సెం.మీ. వెడల్పుకు తగ్గించి చూడాలి. రెండుచోట్లా క్రావడి కనపడిందా?