పక్కటెముకల నడుమ రక్తనాళాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఛాతీలో చేరిన నీరు తీయడానికి పక్కటెముక పై అంచును ఆనుకొని సూది గుచ్చితే రక్తనాళానికి ఏ ముప్పూ ఉండదు.

వాస్తవం: నియమం మంచిదే, జూనియర్లకు నేను మొదట నేర్పేదీ ఇదే. ప్రతి పక్కటెముక కింది అంచున, లోపలి వైపు గాడిలో, పైనుంచి కిందికి సిర, ధమని, నాడి వరుసగా ఉంటాయి కాబట్టి, దాని కింది ఎముక పై అంచు మీదుగా వెళ్తే వాటికి దూరంగా ఉంటాం. అయితే వెన్నెముక దగ్గర ధమని ఇంకా ఆ గాడిలోకి చేరి ఉండదు. రెండు ఎముకల మధ్య ఖాళీలోనే సాగుతుంది, వయసు మళ్లినవారిలో వంకర్లు తిరిగి మరింత కిందికి జారుతుంది. అందుకే వీపు వైపు నుంచి నీరు తీసేటప్పుడు వెన్నెముకకు మరీ దగ్గరగా పోకూడదు, వీలైనంత వరకు అల్ట్రాసౌండ్‌తో ధమని ఎక్కడుందో చూసుకోవాలి. పై అంచు వెంబడి కూడా ఒక చిన్న శాఖ పోతుందన్నది మరువరాదు.

అపోహ: తెగిన ధమనికి ఒక పక్క ముడి వేస్తే చాలు.

వాస్తవం: చాలదు. 3 నుంచి 11వ ఖాళీ వరకు వెనుక ధమనులు నేరుగా బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) నుంచి వస్తాయి. ముందు నుంచి, రొమ్ము ఎముక అంచుకు సుమారు 1 సెంటీమీటరు దూరంలో దిగే ఇంటర్నల్ మామరీ ధమని శాఖలు వచ్చి వాటితో కలుస్తాయి. వెనుక చివర బిగించి గాజుగుడ్డతో అద్ది చూస్తే, ముందు చివర నుంచి రక్తం మళ్లీ ఊరుతూ కనిపిస్తుంది. రెండు చివరలనూ కట్టాల్సిందే. ఈ కలయికే మరోచోట ప్రాణం నిలుపుతుంది: బృహద్ధమని పుట్టుకతోనే ఇరుకైనవారిలో రక్తం ఇదే దారిలో ఎదురు ప్రవహించి శరీరం కింది భాగానికి చేరుతుంది. అలా ఉబ్బిన ధమనులు ఎముకలను ఒరిసి చేసిన నొక్కులు ఎక్స్‌రేలో కనిపిస్తాయి.

అపోహ: బైపాస్ కోసం మామరీ ధమనిని తీస్తే ఛాతీ గోడ మానదు.

వాస్తవం: ఒక వైపుది తీస్తే సాధారణంగా మానుతుంది. రెండు వైపులవీ తీసినప్పుడు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, రొమ్ము ఎముక గాయానికి ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. చుట్టూ ఉన్న కణజాలాన్ని వదిలి ధమనిని మాత్రమే విడదీస్తే ఆ ముప్పు కొంత తగ్గుతుంది. ఒకవేళ గాయం విచ్చుకుంటే ఛాతీ కండరాన్ని తిరగేసి కప్పే పద్ధతి ఒకటుంది, కానీ అలా తిప్పిన కండరానికి రక్తం అందేది ఈ మామరీ శాఖల నుంచే. అందుకే పాత ఆపరేషన్ నోట్సులో ఏ వైపు ధమనిని తీశారో చూడకుండా నేను ఆ కండరం మీద కత్తి పెట్టను.