ఎందరు పిల్లలో ఎవరు చెప్పాలి?

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ ఆశీస్సులు.

"ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదన్నారు, ఇప్పుడేమో ఎక్కువమందిని కనమంటున్నారు, ఏంటమ్మమ్మా ఇది?" అని బుజ్జి అడిగింది కదా. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది. అందుకే రాస్తున్నా.

ఆ నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలోది. 2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసింది. ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే తేలారు. ఇక్కడ తమిళనాడులో 1.8. ముందు తరం ఎంతో వెనక తరమూ అంతే ఉండాలంటే సుమారు 2.1 కావాలి. ఆ చట్టం మీద నాకు ముందు నుంచీ కోపమే. మగపిల్లాడు పుట్టేదాకా కనాల్సిందేనని అత్తగారు పట్టుబడితే కోడలు చేసేదేముంది? పోటీకి పనికిరాకుండా పోయేది మాత్రం ఆ కోడలే.

ఇక చైనా సంగతి. ఒక్కరితో ఆపమని 1980 సెప్టెంబరులో అక్కడి కమ్యూనిస్టు పార్టీ తన సభ్యులకు బహిరంగ లేఖే రాసింది. తర్వాత చాలా పల్లెల్లో మొదట ఆడపిల్ల పుడితే రెండో కాన్పుకు ఒప్పుకున్నారు. మాట వినని వాళ్లకు భారీ జరిమానాలు. బలవంతంగా గర్భం తీయించిన సంగతులూ ఉన్నాయి, పెద్దయ్యారు కాబట్టి దాచకుండా చెబుతున్నా. లెక్కకు మించి పుట్టిన పిల్లలు ఎంతోమంది రికార్డుల్లోకే ఎక్కలేదు. కాగితం లేకపోతే బడి లేదు, వైద్యం లేదు. ఆ పిల్లలు చేసిన తప్పేంటి?

మామూలుగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. చైనాలో అది 120కి దగ్గరగా వెళ్లింది. కొడుకే కావాలనుకున్న వాళ్లు స్కానింగ్‌లో చూసి ఆడపిల్లల్ని పుట్టనివ్వలేదు. ఇప్పుడు అక్కడ పెళ్లికూతుళ్లు దొరకని మగవాళ్లు కోట్లలో ఉన్నారు. అలాగని అంతా నష్టమే అనను. పట్నాల్లో కొడుకు లేని ఇళ్లు, ఉన్న ఒక్క కూతురి చదువు మీదే డబ్బంతా పెట్టాయి. పనిచేసే వయసు వాళ్లు ఎక్కువ, పోషించాల్సిన వాళ్లు తక్కువ కావడం ఫ్యాక్టరీలకూ కలిసొచ్చింది.

కానీ అసలు విషయం వినండి. 1970 ప్రాంతంలో చైనాలో ఒక్కో స్త్రీకి దాదాపు ఆరుగా ఉన్న పిల్లల సగటు, ఈ ఒక్కరే అన్న నిబంధన రాకముందే మూడు లోపుకు దిగింది. అంటే జనం ఎటూ దిగుతున్న మెట్ల మీద వెనక నుంచి తోశారన్నమాట. 2016లో ఇద్దరన్నారు, 2021లో ముగ్గురన్నారు. అయినా 2022 నుంచి చైనా జనాభా తగ్గుతూనే ఉంది. ఒక్కడే పెరిగిన పిల్లాడి మీద ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతా అమ్మమ్మల భారం. వాడిని ఇంకో ఇద్దర్ని కనమంటే కంటాడా?

మనవాళ్లూ తక్కువ తినలేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్లకే. ఆ కోపం 1977 ఎన్నికల్లో కనిపించింది. ఆ తర్వాత మగవాళ్ల ఆపరేషన్ మాటెత్తడానికే నాయకులు భయపడ్డారు, బరువంతా ఆడవాళ్ల మీద పడింది. ముందు చెప్పిన 2019-21 సర్వేలోనే దేశం మొత్తం మీద పెళ్లయిన ఆడవాళ్లు నూటికి 38 మంది ఆపరేషన్ చేయించుకున్న వాళ్లు. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు!

మరి తమిళనాడులో ఒక్కరే అనే చట్టం లేకుండా ఎలా తగ్గింది? మా అమ్మ ఏడుగుర్ని కంటే నలుగురం మిగిలాం. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం లేని ఇంట్లో "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడ మీద ఎంత రాసినా ఎవరు వింటారు? టీకాలు వచ్చాయి, ఊరికి నర్సమ్మ వచ్చింది, 1982లో ఎంజీఆర్ పెద్దఎత్తున మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనం కోసం పిల్లలు బడికొచ్చారు. చదువుకున్న ఆడపిల్లకు పెళ్లి ఆలస్యమైంది, కాన్పులు తగ్గాయి. అయితే కొడుకు పిచ్చి ఇక్కడా లేకపోలేదు. సేలం జిల్లాలో ఆడశిశువుల్ని చంపేస్తుంటే, వద్దనుకున్న బిడ్డను మాకివ్వండి అంటూ 1992లో జయలలిత ప్రభుత్వం ఉయ్యాల పథకం పెట్టాల్సి వచ్చింది.

చిన్నా అడిగిన లోక్‌సభ సీట్ల గొడవ కూడా దీనికి తోకే. జనాభాను బట్టి సీట్లు పంచితే జనాభా తగ్గించిన రాష్ట్రాలు నష్టపోతాయని 1976లో సీట్ల పంపకాన్ని 1971 లెక్కల దగ్గర ఆపారు. ఆ తర్వాత గడువును 2026 దాటాక వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించారు. 2025 మార్చిలో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ చెన్నైకి వేరే రాష్ట్రాల నాయకుల్ని పిలిచింది ఈ భయంతోనే. ఆ భయం న్యాయమైనదే అంటాను. కానీ దానికి పరిష్కారం ఢిల్లీలో వెతకాలి. సీట్ల కోసం మీ అత్తను మూడో బిడ్డను కనమంటే నేనొప్పుకోను.

ఇట్లు,
అమ్మమ్మ