సానుభూతిపరుడి డబ్బా: ఎర్రజెండా గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖ పోర్టులో నేను కళాసీగా చేరిన ఏడాదే ఎమర్జెన్సీ వచ్చింది. అప్పటి నుంచి సీపీఎం కోసం గోడల మీద నినాదాలు రాస్తున్నాను, కరపత్రాలు పంచుతున్నాను, చందా డబ్బా పట్టుకుని తిరుగుతున్నాను. దేశం రెండుగా చీలి తిట్టుకునే రోజుల్లో వామపక్షం వైపు నిలబడడం గురించి మా మనవరాలి స్నేహితులు ఈమధ్య చాలా అడిగారు. వాళ్ల ప్రశ్నల్లో సగం అపోహలే.

అపోహ: ఎర్రజెండాలన్నీ ఒక్కటే.

ఈ మాట అనేవాళ్లను 1975లో మా పోర్టు గేటు పక్కనున్న టీ బడ్డీకి తీసుకెళ్లాల్సింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. తెల్లారేసరికి ప్రతిపక్ష నాయకులు ఎందరో జైళ్లలో ఉన్నారు. సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది, సీపీఎం వ్యతిరేకించింది. ఆ బడ్డీ బల్ల మీద రోజూ ఇద్దరు కూర్చునేవారు. ఒకాయన సీపీఐ కార్మిక సంఘం ఏఐటీయూసీ, ఇంకొకాయన సీపీఎం కార్మిక సంఘం సీఐటీయూ. ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పంచుకునేవారు. ఆ వారం నుంచి ఎవరి టీ వాళ్లు కొనుక్కున్నారు. బల్ల మాత్రం మారలేదు, ఇంకో బల్ల లేదు కాబట్టి.

ఆ సమర్థన తప్పేనని సీపీఐ 1978 భటిండా మహాసభలో ఒప్పుకుంది. అలాగని మావైపు అంతా సాఫీగా ఉందనుకోకండి. ఇందిరను ఎదిరించడానికి, నేటి బీజేపీకి మూలమైన జనసంఘ్ ఉన్న కూటమితో కలవవచ్చా అన్న దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య గారు పదవి వదులుకోవడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. అంతటి నాయకుడు కాదన్న పంథాను నాలాంటివాళ్లు భుజాన మోశారు. జైలు తలుపులు తెరిపించడమే ముందనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. కానీ సుందరయ్య గారి భయం ఉత్తదేనని ఈ రోజు నాతో ఎవరైనా అంటే ఒప్పుకోను.

అపోహ: సమర్థించేవాళ్లంతా పార్టీ సభ్యులే.

నేను సభ్యుణ్ణి కాను. సభ్యత్వం రావాలంటే ముందు ఏడాది పాటు అభ్యర్థి సభ్యుడిగా ఉండాలి, శాఖలో పనిచేయాలి, ఆదాయంలో కొంత లెవీ కట్టాలి. మెజారిటీ నిర్ణయం అయ్యాక బయట దాన్నే చెప్పాలి. ఆ చివరి షరతు దగ్గరే నాకు చెడింది, నా నోరు ఊరుకోదు. నాలాంటివాళ్లను సానుభూతిపరులు అంటారు.

అపోహ: ప్రతిపక్షానికి పనిచేస్తే జైలే.

నచ్చిన పార్టీని బలపరచడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం ప్రవర్తన నియమావళి అడ్డొస్తుంది, వాళ్లను మేం డబ్బా పట్టుకోమని అడగం. సభకూ మైకుకూ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలి. పెద్ద నాయకులు నగరానికి వస్తున్నారంటే ముందురోజే పోలీసులు మా ఇళ్లకు నోటీసులతో వస్తారు. ముందస్తుగా అరెస్టు చేస్తే, వేరే కారణం లేనిదే 24 గంటలకు మించి ఉంచకూడదు. లాయరు నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ముందు లాక్కునేది ఫోనే. 1975లో ఈ 24 గంటల ఊసే లేదు. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకుంటే కారణం కూడా చెప్పేవారు కాదు.

అపోహ: డబ్బు ఎక్కడినుంచో వస్తుంది.

ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలు చేర్చిన ఎన్నికల బాండ్లను సీపీఎం తీసుకోలేదు సరికదా, వాటి మీద సుప్రీంకోర్టుకెక్కినవాళ్లలో అదీ ఉంది. 2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మా డబ్బా మాత్రం పూర్ణా మార్కెట్‌లో తిరుగుతుంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించాక ఒకరోజు, ఉల్లిపాయలమ్మే ఆవిడ పది రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసింది. "ఓటు మాత్రం మీకు వేయను బాబూ, మీరు గెలవరు. ఉక్కు కార్మికుల నిరసన శిబిరంలో కూర్చున్నవాళ్లకు టీ ఇప్పించండి" అంది.

అపోహ: గెలవని పార్టీకి ఓటు వృథా.

ఆవిడ లెక్క తప్పని అనలేను. 1977లో దేశమంతా కాంగ్రెస్ ఓడుతుంటే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 దానికే దక్కాయి. ఇక్కడ మేం రాసిన గోడలకు ఫలితం ఢిల్లీలో కనిపించింది. 2021 నగరపాలక ఎన్నికల్లో 98 వార్డుల్లో సీపీఎంకు ఒకటి, సీపీఐకి ఒకటి వచ్చాయి. అలా ఒక్కరున్నా, కౌన్సిల్లో లేచి అడిగితే జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. నాకు అది చాలు, అందరికీ చాలకపోవచ్చు.

ఆవిడ ఇచ్చిన పది రూపాయలకు కూర్మన్నపాలెం శిబిరం దగ్గర ఒక్క టీయే వచ్చింది. రెండు గ్లాసుల్లో పోయించాను. రెండోది అందుకున్నాయన ఏఐటీయూసీ.