బలిపీఠం మీద పెట్టింది ఎవరి కష్టం?

1963 ఏప్రిల్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైల్లో కూర్చుని ఎనిమిది మంది మతపెద్దలకి ఒక ఉత్తరం రాశాడు. నల్లవాళ్ల మీద జరిగే అన్యాయం గురించి అడిగితే "అవి సామాజిక సమస్యలు, సువార్తకి వాటితో సంబంధం లేదు" అని చాలామంది పాస్టర్లు తప్పుకోవడం తను చెవులారా విన్నానని అందులో బాధపడ్డాడు. ఈ మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది, పైగా న్యాయం గురించి మాట్లాడటం ఈమధ్య వచ్చిన కొత్త బోధ అని కూడా అంటారు. కొత్తది ఎలా అవుతుంది, బైబిల్లో తమ పేరుతో పుస్తకాలున్న ప్రవక్తల్లో అందరికంటే ముందువాళ్లలో ఒకడైన ఆమోసు మొదలుపెట్టిందే దీంతో కదా.

ఆమోసు కాలం సుమారు క్రీ.పూ. 760. ఇశ్రాయేలులో రెండో యరొబాము రాజు, దేశం బాగా డబ్బు మీద ఉంది, బేతేలు గుడిలో బలులకి పాటలకి పండగలకి ఏ లోటూ లేదు. ఆమోసేమో పక్క దేశం యూదాలోని తెకోవ నుంచి వచ్చిన పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. వచ్చి ఏం చెప్పాడంటే, మీ పండగలు దేవుడికి అసహ్యం, మీ పాటల గోల ఆపండి, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అని. ఇంతవరకు అందరికీ తెలిసిందే, కానీ ఎందుకన్నాడో కూడా చదవాలి, నాకైతే అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది. పేదవాడు అప్పు కోసం తాకట్టు పెట్టిన బట్టల మీదే వీళ్లు బలిపీఠం పక్కన పడుకుంటున్నారు, జనం దగ్గర జరిమానాగా గుంజిన ద్రాక్షరసాన్నే గుడిలో తాగుతున్నారు. విశ్రాంతి దినం పాటిస్తూనే అది ఎప్పుడైపోతుందా, కొలతలు తగ్గించి దొంగ త్రాసుతో చచ్చు ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని చూస్తున్నారు. అంటే ఆమోసు బాధ ఆరాధన జరుగుతున్నందుకు కాదు, దోచుకున్న సొమ్ముతో జరుగుతున్నందుకు. బేతేలు యాజకుడు అమజ్యా మాత్రం ఇది రాజు గుడి, ఇక్కడ ప్రవచించకు, పోయి మీ దేశంలో బతుకు అని వెళ్లగొట్టాడు.

ఆ తర్వాత హోషేయ, మీకా, యెషయా, యిర్మీయా అందరూ దాదాపు ఇదే దారి. యెషయా 58లో ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్లని పీడిస్తున్నారని సూటిగా ఉంటుంది. యేసు కూడా "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను" అన్న హోషేయ మాటని మత్తయి సువార్తలో రెండుసార్లు ఎత్తి చెప్పాడు, పుదీనాలో సోపులో జీలకర్రలో కూడా దశమభాగం, అంటే పదో వంతు, లెక్కగా ఇచ్చి న్యాయాన్ని కనికరాన్ని వదిలేశారని ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే పరిసయ్యుల్ని గద్దించాడు. అయితే అవి చేస్తూనే వీటిని కూడా చేయాలన్నాడు తప్ప దశమభాగం మానేయమనలేదు, ఇది చాలామంది చూసుకోరు. కొరింథు సంఘంలో అయితే యేసు జ్ఞాపకంగా రొట్టె ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరే డబ్బున్నవాళ్లు ముందే తినేసి మత్తులో ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు.

నాలుగో శతాబ్దానికి రోమా చక్రవర్తులే క్రైస్తవులయ్యారు, చర్చిల్లోకి బంగారం వచ్చింది. అంతియొకయలో జాన్ క్రిసోస్టం అనే బోధకుడు, క్రీస్తు ఆకలితో చస్తుంటే ఆయన బల్ల మీద బంగారు గిన్నెలు నింపి ఏం లాభం, ముందు ఆకలితో ఉన్నవాడి కడుపు నింపు, మిగిలితే బల్లని అలంకరించు అని ప్రసంగించాడు. తర్వాత కాన్‌స్టాంటినోపుల్ బిషప్ అయ్యి రాజభవనంతోనూ తోటి బిషప్పులతోనూ పడక 404లో దేశ బహిష్కారానికి వెళ్లి 407లో అక్కడే చనిపోయాడు.

ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించేది మాత్రం లాస్ కాసాస్ అనే స్పెయిన్ ఫాదర్ విషయం. స్పెయిన్ వాళ్లు కరేబియన్ దీవుల్ని ఆక్రమించి అక్కడి ఆదివాసుల్ని వెట్టిచాకిరీకి పంచుకుంటున్న రోజులవి. 1511లో శాంటో డొమింగోలో మోంటెసినోస్ అనే డొమినికన్ సన్యాసి, గవర్నర్ ఎదురుగానే, వీళ్లు మనుషులు కారా అని అడిగేశాడు. లాస్ కాసాస్ అప్పటికే అక్కడ ఉన్నాడు, ఫాదర్ అయ్యుండి కూడా తన వాటా ఆదివాసులతో గనుల్లో పొలాల్లో పని చేయించుకుంటున్నవాడే. 1514లో క్యూబాలో పెంతెకొస్తు పండగ ప్రసంగం కోసం సిద్ధపడుతూ కాథలిక్ బైబిల్లో ఉండే సీరా గ్రంథం 34వ అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. పేదల సొత్తుతో బలి అర్పించడమంటే తండ్రి కళ్ల ముందు కొడుకుని చంపడమే అని అక్కడుంది. తను రోజూ పూజలో పైకెత్తే రొట్టె ఎవరి చెమటతో వచ్చిందో తనకి బాగా తెలుసు. కొద్ది నెలల్లోనే ఆ ఆదివాసుల్ని వదిలేస్తున్నానని అందరి ముందు చెప్పేశాడు. 1545లో చియాపాస్ బిషప్‌గా వెళ్లినప్పుడు, దోచుకున్నది తిరిగి ఇచ్చేదాకా పాపసంకీర్తనలో క్షమాపణ ఇవ్వొద్దని ఆంక్ష పెట్టాడు, ఊరు ఊరంతా తిరగబడింది, ఆయన చివరికి స్పెయిన్ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇదే మనిషి ఆదివాసుల్ని కాపాడాలన్న తొందరలో ఆఫ్రికా బానిసల్ని తెప్పించమని ఒకప్పుడు సలహా ఇచ్చాడు, అది ఘోరమైన తప్పని తర్వాత తనే రాసుకున్నాడు, ఇది దాచకుండా చెప్పాలి.

ఇదంతా చూసి ఆచారాలన్నీ తీసేస్తే గొడవ ఉండదు కదా అనుకుంటారు కొందరు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు నిజంగానే తీసేశారు, నీళ్లతో బాప్తిస్మం లేదు, రొట్టె ద్రాక్షరసం లేదు, మౌనంగా కూర్చుని ప్రార్థించడమే. అయినా పెన్సిల్వేనియా క్వేకర్లలో చాలామందికి బానిసలుండేవాళ్లు. 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు దీన్ని తప్పుపడుతూ ఒక కాగితం రాసి ఇస్తే, ఇది చాలా బరువైన విషయమని ఒక మీటింగ్ ఇంకో మీటింగ్‌కి పంపి, పెద్ద మీటింగ్ చివరికి తేల్చకుండా పక్కన పెట్టేసింది. బానిసల్ని ఉంచుకున్నవాళ్లని సభ్యత్వం నుంచి తీసేయాలని ఫిలడెల్ఫియా వార్షిక సభ తీర్మానించేసరికి 1776 వచ్చింది, అంటే 88 ఏళ్లు, ఆ 88 ఏళ్లూ వారం వారం ప్రార్థనలు మాత్రం ఆగలేదు.